లగ్నపత్రికకు మూడు పిస్టన్ పెన్నులు

2023 ఫిబ్రవరి, మాఘమాసం పెళ్ళిళ్ళ రోజులు. చోడవరంలో బస్సు కాంప్లెక్సుకి పోయే దారిలో నా కొట్టు. ముందు వైపు నోటుపుస్తకాలు, జిరాక్సు, రీఛార్జి. నాకు అన్నం పెట్టేవి అవే. వెనక గాజు బీరువాలో సిరా పెన్నులు. అవి నా పిచ్చి. ఇరవై రెండేళ్ళుగా వాటిని అమ్ముతున్నాను, బాగుచేస్తున్నాను. వాటి వల్ల నాకు మిగిలింది నీలం గోళ్ళు, మా ఆవిడ తిట్లు. రీఫిల్ పెన్ను పట్టుకొచ్చి "ఈ పెన్ను రాయట్లేదు" అనేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. అది పెన్నే కానప్పుడు రాయడం ఏమిటి?

ఓ గురువారం ఉదయం బుచ్చయ్యపేట నుంచి కామేశ్వర శర్మ గారు కొట్టుకి వచ్చారు. చుట్టుపక్కల ఊళ్ళకి ఆయనే పురోహితులు. మా గృహప్రవేశం కూడా ఆయనే చేయించారు. బల్ల మీద తువ్వాలు మూట విప్పితే అందులో పాత పెన్ను ఒకటి ఉంది. తువ్వాలు సగం నీలంగా ఉంది.

"సన్యాసిరావూ, మరక పడని పెన్ను కావాలయ్యా. మూడొందలు దాటకూడదు" అన్నారు.

"ఇప్పుడెక్కడ పడిందండీ మరక?"

"పెళ్ళికొడుకు పేరు మీద."

అంత బాధలో ఉన్న మనిషి ఎదురుగా నవ్వకూడదు. పెదవి కొరుక్కుని విన్నాను. కిందటి నెల వడ్డాదిలో లగ్నపత్రిక రాస్తుంటే, సరిగ్గా వరుడి పేరు మీద శనగగింజంత సిరా చుక్క పడిందట. మగపెళ్ళివారు అపశకునం అన్నారు. సంబంధం పోయినంత పనై, చివరికి వేరే పంతులు గారితో వేరే ముహూర్తానికి ఆ పెళ్ళి జరిగింది. ఇప్పుడు రోలుగుంటలో ఇంకో లగ్నపత్రిక ఉంది. వరుడి తల్లి పార్వతమ్మ గారు వడ్డాది వాళ్ళ దగ్గర చుట్టం. ఆ చుక్క పడటం కళ్ళారా చూసిన మనిషి.

"ఈ పంతులొద్దని ఆవిడ మొత్తుకుంది. ఆడపెళ్ళివారు పట్టుబట్టి నన్నే పిలిచేరు. రెండు వారాల్లో, గురువారం నాడు. ఈసారి చుక్క పడ్డాదంటే నన్ను ఇంక తద్దినానిక్కూడా ఎవరూ పిలవరు."

"రీఫిల్ పెన్నుతో రాసేయొచ్చు కదండీ" అన్నాను, మనిషి ఏపాటివాడో చూద్దామని.

"ముప్పై ఏళ్ళు నిబ్బుతో రాసినవాణ్ణి. ఇప్పుడు రీఫిల్ పట్టుకుంటే, భయపడిపోయేడనరూ?"

ఆ మాటతో ఆయన నా మనిషైపోయారు.

ఆయన పాత పెన్ను ఐడ్రాపర్. అంటే గొట్టం మొత్తంలో డ్రాపర్‌తో సిరా పోసుకునే రకం. సిరా అడుగంటే కొద్దీ గొట్టంలో గాలి చేరుతుంది. చేతి వేడికి ఆ గాలి ఉబ్బి, ఉన్న సిరాని నిబ్బులోంచి తోసేస్తుంది. దీనికి మందు పిస్టన్ ఫిల్లర్. ఇందులో పెన్ను తోక దగ్గర ఓ మర ఉంటుంది. నిబ్బు సిరాలో ముంచి మర తిప్పితే లోపలి బిళ్ళ వెనక్కి జరిగి, ఇంజెక్షన్ సూదిలోకి మందు ఎక్కినట్టు సిరా ఎక్కుతుంది. రాసే ముందు ఓసారి తిప్పి నిండా పట్టిస్తే గాలికి పెద్దగా చోటుండదు. ఫారిన్ పిస్టన్ పెన్ను కొనాలంటే పాడిగేదెను అమ్ముకోవాలి గానీ, మన దేశంలో చేసినవి మూడొందల లోపే దొరుకుతున్నాయి. నా బీరువాలో అలాంటివి మూడున్నాయి. వారం టైమివ్వండి, వాటిలో మేలైనది తేల్చి ఇస్తానని చెప్పాను.

ఆ వారం నేను వ్యాపారం చెయ్యలేదు, పరీక్షలు పెట్టాను. మూడు పెన్నులూ సగం సిరాతో జేబులో తలకిందులుగా పెట్టుకుని, బైకు మీద గతుకుల్లో రోలుగుంట దాకా పోయి వచ్చాను. పది నిమిషాలు గుప్పిట్లో బిగించి, ఆపైన రాసి చూశాను. నల్ల పెన్ను అన్నిటా నెగ్గింది. మర మెత్తగా తిరుగుతుంది, నిబ్బు వెన్నలా నడుస్తుంది. ఆకుపచ్చ పెన్ను చూడటానికి గాజులా ఉంటుంది, లోపలి సిరా పైకి కనిపిస్తుంది. పిస్టన్ మాత్రం తిప్పితే కీచుమంది. సిలికాన్ గ్రీజు ఓ చుక్క రాస్తే దారికొచ్చింది. ఇక పసుపురంగు పెన్ను. నిబ్బు కాగితాన్ని గీకుతుంది, తోక మర వదులు, జేబులో దానంతటదే తిరిగి సిరా కక్కింది. దాన్ని మూడోది అనడం కూడా మర్యాదకే.

"మూడు సొక్కాలు పోనాయి" అంది మా ఆవిడ రమణమ్మ, బకెట్లో నీళ్ళు నీలమవుతుంటే. "పంతులు గారికి పెన్నిస్తన్నావా, నాకు విడాకులిస్తన్నావా?"

మర్నాడు నల్ల పెన్ను ఆయన చేతిలో పెట్టాను. మర ఇటు తిప్పితే సిరా లోపలికి, అటు తిప్పితే బయటికి అని చూపించాను. దాని గుణగణాలు పావుగంట సేపు వర్ణించాను. ఆయన "ఊఁ" అన్నారు. కొట్లోనే కూర్చుని ఓ పేజీ రాశారు. ముత్యాల్లాంటి అక్షరాలు, ఎక్కడా చుక్క లేదు.

సోమవారం మళ్ళీ వచ్చారు.

"ఇంట్లో రాసి చూసేను. పడ్డాది."

ఏ పెన్ను చేతికొచ్చినా ముందు నీళ్ళలో కడగడం నా అలవాటు. కడిగితే నీళ్ళు కాస్త ఆకుపచ్చగా దిగాయి. సిరా కల్తీదని తేల్చేసి కొత్త సీసా ఇచ్చాను. నింపి రాస్తే పెన్ను బ్రహ్మాండంగా రాసింది. ఎందుకైనా మంచిదని మిగతా రెండు పెన్నులూ ఇచ్చి పంపాను. మంగళవారం మూడింటినీ తెచ్చి బల్ల మీద వరసగా పెట్టారు. మూడూ చుక్క కార్చాయట.

"నన్ను ముంచేవయ్యా సన్యాసిరావూ. రెండ్రోజులు కూడా లేదు."

వారం రోజుల కష్టం, మూడు చొక్కాలు గుర్తొచ్చి నాకు కోపం వచ్చింది. "నా పెన్నుల్లో ఏ తప్పూ లేదండీ. మీ చెయ్యే బరువు" అనేశాను.

ఆయన కుడిచేతిని ఓసారి చూసుకుని, పెన్నులు మూట కట్టుకుని వెళ్ళిపోయారు. అప్పటిదాకా నన్ను పైకి లేపిన కోపం అంతటితో జారిపోయింది. పెద్దాయన్ని అలా అన్నందుకు ఆ పూట అన్నం సయించలేదు.

బుధవారం కొట్టు తియ్యకుండా బుచ్చయ్యపేట పోయాను. "రేపు ఎలా రాస్తారో అచ్చంగా అలాగే రాసి చూపించండి, నేను మాట్లాడను" అన్నాను. శర్మ గారు పీట మీద కూర్చున్నారు. గిన్నెలో పసుపు తడిపారు. కాగితం నాలుగు మూలలా పసుపు అద్దారు. అంతవరకు సరే. తరువాత పెన్ను మూత తీసి, అదే చేత్తో నిబ్బుకి నిండా పసుపు పూసి, దాని మీద కుంకుమ బొట్టు పెట్టారు.

మాట్లాడనన్న మాట మరిచి అరిచాను. "అదేటండీ!"

"కలానికి బొట్టు పెట్టకుండా శుభం రాస్తారేటయ్యా?"

నిబ్బు మధ్యలో వెంట్రుకంత చీలిక ఉంటుంది. సిరా దిగే దారి అదొక్కటే. ఆ దారిని ఆయన పసుపుతో మేస్త్రీలా పూడ్చేశారు. "శ్రీరస్తు" దాకా రాసేసరికి అక్షరం ఎండిపోయింది. ఆయన ఏమాత్రం కంగారు పడకుండా తోక మర తిప్పారు. ఒక చుట్టు, రెండు చుట్లు. పసుపు అడ్డం తొలిగి, సిరా టప్పున కాగితం మీద రాలింది.

"మర ఎందుకు తిప్పేరండీ?"

"నువ్వే కదయ్యా చెప్పేవు, అటు తిప్పితే సిరా బయటికొస్తుందని!"

నిజమే, నేనే చెప్పాను. అది కడిగేటప్పుడు మాత్రమే అని చెప్పలేదు. కడిగిన నీళ్ళు ఆకుపచ్చగా ఎందుకు దిగాయో కూడా అప్పుడర్థమైంది. నీలంలో పసుపు కలిస్తే ఏ రంగో తెలియని నేను, ఆయనకి సిరా సీసా అంటగట్టాను.

సమస్య తెలిసింది గానీ తీరలేదు. బొట్టు లేకుండా కలం పట్టనంటారు ఆయన. బొట్టు పెడితే కలం రాయదంటాను నేను. ఇద్దరం గొంతులు పెంచాం. వంటింటి గుమ్మంలోంచి శర్మ గారి భార్య అందుకున్నారు.

"దేవుడికైనా బొట్టు నుదుట పెడతారు గానీ, నోట్లో కుక్కుతారేటండీ?"

శర్మ గారు పెన్నుని తిరగేసి, దాని తోక కేసి చూశారు.

గురువారం రోలుగుంటలో నేనూ ఓ మూల కూర్చున్నాను. పందిట్లో ఓ నలభై మంది ఉంటారు. పార్వతమ్మ గారు సరిగ్గా పంతులు గారి ఎదురుగా, కాగితం మీదికి వంగి కూర్చుంది. ఆవిడ చూసేది కాగితం కాదు, నిబ్బు. శర్మ గారు సంచిలోంచి పెన్ను తీశారు. చూద్దును కదా, పసుపురంగు పెన్ను! మూడింట్లో చచ్చుది. కళ్ళతో సైగ చేశాను, దగ్గాను. ఆయన ఇటు చూస్తేనా? తోక చివర బొట్టు పెట్టి రాయడం మొదలుపెట్టారు. గీకుడు చప్పుడు నా మూలదాకా వినిపించింది.

శ్రీరస్తు. శుభమస్తు. అవిఘ్నమస్తు అనే లోపలే విఘ్నం లేచింది.

"కలానికి బొట్టెట్టనేదేటండీ పంతులు గారూ? ఉండండి, నానెడతాను!" అంటూ పార్వతమ్మ గారు పసుపు గిన్నెలో రెండు వేళ్ళూ ముంచి నిబ్బు మీదికి చెయ్యి చాచింది.

నేను లేచి నిలబడ్డాను. శర్మ గారు తొణక్కుండా పెన్ను పైకెత్తారు. "పెట్టేనమ్మా. చూడు."

"అది తోక కదండీ?"

"రాసేటప్పుడు చూడమ్మా. నిబ్బు కిందకి వంగి కాగితానికి దణ్ణం పెడుతుంది. పైనున్నదే తల. బొట్టు తలకి పెడతామా, నోట్లో కుక్కుతామా?"

పందిరి గొల్లుమంది. పార్వతమ్మ గారు కూడా నవ్వి, ఆ పసుపు తన మెడకి రాసుకుని కూర్చుంది. శర్మ గారు పత్రిక పూర్తి చేశారు. మర మీద చెయ్యి వెయ్యలేదు. ఆవిడ కాగితం అందుకుని ముందూ వెనకా తిప్పి, వెలుగులో పెట్టి చూసింది.

"సుక్క నేదు" అంది. కాగితం కళ్ళకద్దుకుని, "మా సిన్నోడి పెల్లిక్కూడా మీరే రాయాలండి" అంది.

తిరిగొచ్చేటప్పుడు బైకు మీద వెనక కూర్చున్న ఆయన్ని అడిగాను. "నల్ల పెన్నేదండీ?"

"శుభకార్యానికి నల్లది ముట్టుకుంటానటయ్యా? అంత కష్టపడి తేల్చేవు, కాదంటే బాధపడతావని ఊరుకున్నాను. తద్దినం సామాను చీటీలు దాంతో రాస్తన్నాను. చక్కగా నడుస్తోంది."

అన్నిటా నెగ్గిన పెన్ను తద్దినాలకి పోయింది, అన్నిటా ఓడింది లగ్నం రాసింది. వాళ్ళ వీధి మొదట్లో బండి ఆపి, ఆ రోజు మీ చెయ్యి బరువన్నాను, మనసులో పెట్టుకోకండి అన్నాను.

"ఆ పూటంతా ఈ చెయ్యి చూసుకుంటూ కూర్చున్నానయ్యా" అన్నారు శర్మ గారు. "మా ఆవిడతో కూడా అన్లేదు. ఇంక నా పని అయిపోయిందనుకున్నాను."

ఇరవై రెండేళ్ళలో ఆ మాట ఎంతమందిని అన్నానో లెక్క లేదు. నీ చెయ్యి బరువు, నీ చెయ్యి వంకర, నీకు రీఫిలే గతి అని. పెన్నుని వారం రోజులు పరీక్షించిన నేను, ఆ పెన్నుతో మనిషి ఏం చేస్తాడో పది నిమిషాలు కూర్చుని చూడలేదు. ఇప్పుడు కొట్టుకి ఎవరొచ్చి పెన్ను రాయట్లేదన్నా, పెన్ను నా చేతికి తీసుకోను. కాగితం వాళ్ళ ముందుకి జరిపి, మీరు రాయండి, నేను చూస్తాను అంటున్నాను.