అక్క ఎడమ చెవి

నంద్యాలలో మా వీధి మొత్తానికీ బ్లూటూత్ డాక్టర్ని నేనే. ఇయర్‌బడ్లు పలక్కపోయినా, స్పీకరు ఫోన్‌ని గుర్తుపట్టకపోయినా జనం మా అరుగు మీద వరస కట్టి కూర్చునేవారు. వరస అంటే, ఉన్నమాట చెప్పాలి కదా, ఇద్దరు. అందులో ఒకరు మా మిద్దె మీద అద్దెకుండే టీచరమ్మ. ఆమె స్పీకరు అసలు ఆన్‌లోనే లేదు. నేను ఆన్ చేశాను.

ఇంత వైద్యం తెలిసి కూడా ఆళ్లగడ్డలో ఉన్న మా అక్కతో ఫోన్‌లో మాట్లాడి నాలుగేళ్లయింది. ఆమెకు వినికిడి తగ్గుతూ వచ్చి, కుడి చెవి దాదాపుగా పోయింది, ఎడమ చెవిలో కొంచెం మిగిలింది. ఎదురుగా కూర్చుంటే పెదాలు చూసి మాట పోల్చుకుంటుంది. ఫోన్‌కు పెదాలు ఉండవు. నాలుగుసార్లు 'అలో' అని పెట్టేసేది. అంతకుముందు రోజూ సాయంత్రం నాలుగుకు, నేను మధ్యాహ్నం భోజనం చేసి ఇనుప సామాన్ల కొట్టు మళ్లీ తెరిచే వేళకు, ఆమె ఫోన్ వచ్చేది. ఏం తిన్నావని అడిగి, అది ఎందుకు తిన్నావని తిట్టేది. కొట్టు మూసేశాను. నన్ను 'రేయ్' అనగలిగిన వాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోయారు. ఇప్పుడు ఎవరిని కదిపినా 'మీరు' అంటారు, కుర్చీ లాగి వేస్తారు. ఆ మర్యాదకు నాకు ఊపిరాడదు.

అందుకే ఫోన్‌లోని మాటను నేరుగా చెవిలో వినిపించే చెవి మిషన్లు వచ్చాయని తెలియగానే నంద్యాలలో ఒక జత కొన్నాను. వాటిని అమ్మే అమ్మాయి, "రెండూ అక్క ఫోన్‌తోనే జత చేయల్ల, పెద్దాయనా. చూపిస్తా ఉండండి" అంది.

"ఎవురికి చెప్తాండావమ్మా? మా వీధిలో కనుక్కో నేనెవురో," అని పెట్టె తీసుకుని వచ్చేశాను. దసరా దాటాక, ముందు ఒకదాన్ని నా ఫోన్‌తో కలిపి పరీక్షించి, ఆళ్లగడ్డ బస్సెక్కాను.

అక్క ఇల్లు శిల్పులు రాళ్లు చెక్కే షెడ్ల వెనకాల. మిషన్లు రెండూ చెవులకు తగిలించగానే ఉలిక్కిపడింది.

"అబ్బా, ఏందిరా ఈ మోత?"

"రాళ్లు కోస్తాండారు అక్కా. రోజూ ఉండేదే."

"ఔనా! ఇన్నేండ్లూ ఊరికే దుమ్ము లేపుతాండారు, పనేం లేదనుకున్న్యా."

జత కుదిరిందనుకుని ఆమె ఫోన్ ఆమె చేతికిచ్చి, బయటి నుంచి చేద్దామని నేను వాకిట్లోకి పోయాను. అంతలో నంద్యాల నుంచి నా స్నేహితుడి ఫోన్. ఎత్తాను. నాకు ఒక్క ముక్క వినపడలేదు. లోపల అక్క పగలబడి నవ్వుతోంది.

"ఎవుర్రా వీడు? ఆళ్లగడ్డకు పోయి డాక్టరు యాషాలు ఏస్తాండావా అని అడుగుతాండాడు!"

పరీక్ష కోసమని నా ఫోన్‌తో కలిపాను కదా, కుడి మిషన్ దాన్నే పట్టుకుని వదల్లేదు. వాడు మార్కెట్ యార్డులో వేలం పాడినవాడు కాబట్టి ఆ గొంతు పోయిన చెవికి కూడా అందింది. నా ఫోన్‌లో బ్లూటూత్ ఆపి, కుడిదాన్ని అక్క ఫోన్‌తో కలిపాను. ఎడమది మాత్రం కలవలేదు. మాట తెలిసేది ఆ చెవికే.

చేయని వైద్యం లేదు. ఫోన్ ఆపి మళ్లీ పెట్టాను. జాబితాలో ఉన్నవన్నీ తీసేసి మళ్లీ వెతికించాను. మిషన్‌ను పెట్టెలో పెట్టి తీశాను, తీసి పెట్టాను. కాసేపు ఎండలో కూడా ఉంచాను. ఎండకూ దానికీ ఏం సంబంధమని అడగొద్దు.

అక్క నా మొహమే చూస్తోంది. "పోనీలేరా. నువ్వు వస్తాండావు కదా అప్పుడప్పుడు," అంది.

అప్పుడప్పుడు అంటే రెండు మూడు నెలలకు ఒకసారి. మోకాళ్లు సహకరిస్తే. ఆమెకు డెబ్బై ఎనిమిది. ఇంకెన్ని అప్పుడప్పుడులు మిగిలాయో లెక్క వేయబుద్ధి కాలేదు. మిషన్లను పెట్టెతో సహా సంచిలో వేసుకుని తిరుగు బస్సెక్కాను.

మిషన్లు అమ్మిన కొట్టులో అమ్మాయి ఎడమదాన్ని తిప్పి దీపం కింద పెట్టి చూసింది. దాని అడుగున ఆవగింజంత బంగారు చుక్కలు రెండుంటాయి. ఛార్జింగ్ వాటిలోంచే ఎక్కాలట. వాటి మీద ఎర్రగా ఏదో గట్టిగా అట్టకట్టి ఉంది.

"ఎవురు పెద్దాయనా, దీనికి బొట్టు పెట్టింది? ఛార్జింగే ఎక్కలా. ఇంక ఫోన్‌కు యాడ దొరుకుతాది?"

"మా అక్కకు భక్తి ఎక్కువమ్మా. ఎన్ని చెప్పినా వినదు," అన్నాను.

ఆమె నవ్వుకుంటూ స్పిరిట్ దూదితో తుడిచింది.

పాపం అక్కకు ఏ పాపమూ తెలియదు. దసరాకు మా ఇంట్లో ఆయుధపూజ చేస్తాం. మా నాయన తక్కెడ, కొట్టు తాళాలు, చిన్న సుత్తి వరసగా పెట్టి కుంకుమ పెడతాం. అంతకు రెండు రోజుల ముందే కొన్నానేమో, ఈ మిషన్లనూ ఆ వరసలో పెట్టాను. అంత ఆశపడి కొన్న వస్తువును బొట్టు లేకుండా పంపడానికి చేతులు రాలేదు. నిలవాలని కుంకుమను నూనెతో తడిపి మరీ పెట్టాను. కుడిదానికి పెట్టింది పక్కకు పోయింది. ఎడమదానికి గురి కుదిరింది.

మళ్లీ ఆళ్లగడ్డ పోయి, ఛార్జింగ్ నిండాక రెండూ కలిపి, అక్క ఫోన్‌లో రెండు పేర్లూ కనిపించేదాకా పక్కనే కూర్చున్నాను. రాళ్ల మోత పడక, ఫోన్ వచ్చే వేళకే చెవులకు పెట్టుకుంటానంది అక్క. మర్నాడు నాలుగుకు నంద్యాల నుంచి చేశాను.

"అలో."

"అక్కా, నేను."

"ఎవురు?"

"నేనే అక్కా."

"ఏ నేను?"

మళ్లీ తెగిందనుకున్నాను. "అక్కా, ఎడమదాన్ని పెట్టెలో పెట్టి మళ్లీ తియ్యి..."

"వినపడ్తాంది. బాగా వినపడ్తాంది. నువ్వెవురప్పా? ఇది మా తమ్ముని నంబరు. వానికియ్యి."

నాకు అప్పుడు అర్థమైంది. నాలుగేళ్లుగా ఆమె నా పెదాలను చూస్తూ వాటికి నా పాత గొంతును అతికించుకుని వింటోంది. ఈలోగా నా పళ్లు ఊడాయి, మాట మెత్తబడింది, దగ్గు పట్టుకుంది. అది ఆమెకు ఎవరూ చెప్పలేదు. నాకూ ఎవరూ చెప్పలేదు.

"నంద్యాల మొత్తంలో ఎవురికీ చేతగాని మిషన్‌ను ఒక్క సెకండులో బాగుచేసినోణ్ని," అన్నాను.

అటువైపు నవ్వు. "ఆ, కోతలు మా వానివే. గొంతే ఎవురిదో." మళ్లీ తనే, "ముసలోనివైపోయినావు కదరా," అంది.

ఫోన్‌లో రాళ్లు కోస్తున్న చప్పుడు వినిపించింది. ఇక దాచలేక కుంకుమ సంగతి చెప్పేశాను. ఆమె పేరు చెప్పి తప్పించుకున్నదీ చెప్పాను.

"రేయ్! నీకు బుద్ధుందా? చెవిలో పెట్టుకునేదానికి బొట్టేందిరా? పైగా నా మింద చెప్తావా? ఆ పాప నన్నేమనుకుంటాదిరా, ఎర్రోడా!"

గంటసేపు తిట్టింది. కళ్లు మూసుకుని విన్నాను. గంట కాదు, ఫోన్‌లో చూస్తే నాలుగు నిమిషాలే. పెట్టేసే ముందు అంది, "రేపు కూడా ఇదే టయానికి చెయ్యి. ఆ గొంతు నాకు అలవాటు కావల్ల."