గేదెల సాలలో దాచిన తూటా గొట్టాలు

నా తెలివితేటల వల్ల ఒక తుపాకీ మూగబోయిన కథ చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. చీపురుపల్లి పక్కన మా అత్తవారి ఊళ్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

మా మావకు అడవిపందుల నుంచి పంట కాపాడుకోవడానికి లైసెన్సు తుపాకీ ఉంది. పేల్చాక మిగిలే ఇత్తడి గొట్టాలను పారేయడు, మళ్లీ మందు దట్టించి వాడతాడు. నా పెళ్లయిన ఏడు, వానలకు తన ఇల్లు కారుతోందని ఆ గొట్టాల సంచి నా చేతికిచ్చాడు.

"ఒరే అల్లుడా, పొడిగా ఉన్న సోట దాసు. మొక్కజొన్న కంకి పాలు పోసుకున్నాక తొలిదెబ్బ నీదే."

అల్లుడికి పట్టుబట్టలు పెట్టేవాళ్లను చూశాను గానీ, తుపాకీ పెట్టేవాణ్ణి మా మావనే చూశాను. పొంగిపోయాను.

మా ఇంట్లో అన్నిటికంటే పొడిగా, వెచ్చగా ఉండేది గేదెల సాల అటక. సంచి అక్కడ పెట్టేశాను.

"సాల్లో ఎందుకు బావా, బీరువాలో ఎట్టు" అంది మా ఆవిడ.

"నీకేటి తెల్దు, ఊరుకో" అన్నాను. మగవాడి కష్టాల్లో సగం ఈ మాటతోనే మొదలవుతాయి, రాసిపెట్టుకోండి.

వానలు వెళ్లాయి. కంకులు పాలు పోసుకున్నాయి, పందులు దిగాయి. గొట్టాలను చింతపండుతో తళతళా తోమి తీసుకెళ్లాను. మెరిసేదంతా బంగారం కాదంటారు. మెరిసే ఇత్తడి కూడా ఇత్తడి కాదని ఆ రోజే తెలిసింది. మావ ఒక గొట్టం ఎండకు పట్టి చూశాడు. మూతి దగ్గర వెంట్రుకంత చీలిక. వేలితో నొక్కితే అప్పడంలా పెళుక్కుమంది. ఇంకోటి తీశాడు, అదీ అంతే.

"ఎక్కడెట్టావురా?"

"సాల అటక మీద. పొడిగానే ఉన్నాది మావా."

"పొడిగా ఉంటే సరా? గేదె ఉచ్చ ఘాటు ఇత్తడిని తినేస్తాది."

"సీలిక సిన్నదే గదా. ఒక్క దెబ్బకి ఆగదా?"

"తుపాకీ బుగ్గకి ఆనించుకునేది నువ్వు. నిప్పు ఎనక్కి తన్ని నీ కన్ను పోతే, నా కూతురికి నేనేటి సెప్పుకోవాల?"

నేను బాగున్నవి ఏరుదామనేలోగా సుత్తి తెచ్చి అన్నింటినీ చదును చేసేశాడు. నాలుగు తిట్టినా బాగుండేది. వేరే గొట్టాలు లేవని, చేతికొచ్చిన పంట పందుల పాలవుతుందని తెలిసి కూడా ముందు నా కన్ను గురించి ఆలోచించాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆ మనిషి మీద ప్రేమ పుట్టింది కూడా అప్పుడే.

పంట ఎలాగైనా దక్కించాలని సాయంత్రానికి నేనే మంచె ఎక్కాను. రేకు డబ్బా వాయిస్తే పందులు చెవి కూడా కదపలేదు. ఏడుపొచ్చినంత పనై, గుండె దిటవు కోసం గొంతెత్తి పాట అందుకున్నాను. మొదటి చరణం పూర్తికాకముందే మంద మొత్తం కొండెక్కేసింది. కోత దాకా రోజూ పాడాను. పంట దక్కింది.

మావ టీకొట్టు దగ్గర అందరికీ చెప్పాడు: "తుపాకీకైతే లైసెన్సు కావాల, మందు కావాల. మా అల్లుడు గొంతు సవరించుకుంటే సాలు."

అందుకే పాడిపంటల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఇత్తడి చెంచా కూడా సాల గడప దాటనివ్వను. పాట మాత్రం అడక్కండి. మీరు మనుషులు, తట్టుకోలేరు.