గుర్తు చెరిగిన గొర్రెలు

మొన్న రాప్తాడు దగ్గర హైవే దాటుతున్న గొర్రెల మంద కోసం మా బస్సు ఆగిపోయింది. ప్రతి గొర్రె చెవికీ పసుప్పచ్చని ప్లాస్టిక్ బిళ్ల. బస్సులో అందరూ విసుక్కుంటుంటే నేనొక్కదాన్నే నవ్వుకుంటూ కూర్చున్నాను, ఎందుకంటే ఈ బిళ్లలు రాకముందు మా ఇంట్లో జరిగిన ఒక తెలివితక్కువ పనే నన్ను సైన్సులో నిలబెట్టింది.

మాది బుక్కరాయసముద్రం పక్కన గొర్రెలు మేపుకునే కుటుంబం. పగలంతా ఊరి మందలన్నీ బీళ్లలో కలిసి మేసేవి, పొద్దుగూకితే మా దొడ్డి వాకిట్లో మేనత్త నిలబడి, వీపు మీద మా ఎర్ర గుర్తు ఉన్నదాన్ని లోపలికి తోలి, లేనిదాన్ని అదిలించేది. పరాయి జీవం దొడ్లో దొరికితే దొంగలంటారని ఆమె భయం. ఒక ఏడాది రంగు అయిపోతే, గోడలకు వేసే నీళ్ల రంగు పూద్దామంది. కడుక్కుపోతుందేమోనని నాయన నసిగితే, "వాన యాడొస్తాది లే అన్నా" అనేసింది. అనంతపురంవాళ్లం గనుక ఆ మాటకు ఎవరమూ ఎదురు చెప్పలేకపోయాం. ఆ వారంలోనే కుండపోత. గొర్రెలు బాగున్నాయి, దొడ్డి బాగుంది, గుర్తు మాత్రం లేదు, అత్త ఒక్కదాన్నీ రానివ్వలేదు. జీవాలు వీధుల్లో తిరుగుతుంటే, దొడ్లో వేసిన మేత తినే నోరు లేక కుళ్లి గుట్టలు పడింది.

తర్వాత కొన్నేళ్లకు అనంతపురంలో డిగ్రీలో చేరాను. తెలుగు మీడియం నుంచి వచ్చినదాన్ని, పాఠం సగం అర్థమయ్యేది కాదు. ఈ వారం కూడా నోరు విప్పకపోతే ఆర్ట్స్‌కి మారిపొమ్మని మా జీవశాస్త్రం మాస్టారు చెప్పేశారు. అంత కష్టపడి పట్టుకున్న సైన్సు చేజారిపోతుందని నాకు అన్నం సహించలేదు.

అప్పుడాయన తరగతికి ఒక చిక్కు ప్రశ్న వేశారు. కణంలో చెత్తను జీర్ణం చేసే చిన్న సంచి లైసోజోమ్. ఒక పసిబిడ్డ కణాల్లో ఆ సంచులన్నీ చెత్తతో ఉబ్బిపోయాయి. చెత్తను అరిగించే ఎంజైములను కణం చక్కగానే తయారుచేసింది, కానీ అవి రక్తంలో తిరుగుతున్నాయి. ఎందుకు? సంచి చిరిగిందన్నారొకరు, ఎంజైములు చెడిపోయాయన్నారు మరొకరు. నేను లేచి నిలబడ్డాను.

"గుర్తు పడలేదేమో సార్. గుర్తు లేకుంటే వాకిట్లో ఉండే మనిషి లోపలికి తోలదు."

మాస్టారు సుద్దముక్క కింద పెట్టారు. "ఎవరు చెప్పినారమ్మా నీకు?"

"మా అత్త సార్."

తరగతంతా గొల్లుమంది, ఆయన తప్ప. ఎంజైముకు అంటుకున్న మానోజ్ అనే చక్కెర మీద కణం ఒక ఫాస్ఫేట్ గుర్తు వేస్తుందనీ, వాకిట్లో మనిషిలా కాపుండే రిసెప్టర్ అనే ప్రొటీన్ ఆ గుర్తును చూసే పట్టుకుని లైసోజోమ్ దారి పట్టిస్తుందనీ, ఆ బిడ్డ కణాలకు గుర్తు వేయడమే చేతకాదనీ వివరించారు. తర్వాత నా వైపు తిరిగి, నువ్వు ఎక్కడికీ మారక్కర్లేదన్నారు. ఆ పూట నా కాళ్లు నేల మీద లేవు.

ఇంటికెళ్లి చెబితే అత్త, ప్రతి మనిషి ఒంట్లోనూ తాను కాపలా ఉన్నానని వాడంతా చాటింది. నాయన మాత్రం అంతా విని, "ఆ బిడ్డ బతికెనామ్మా?" అని అడిగాడు. ఆ జబ్బుకు మందు లేదని మాస్టారు తర్వాత చెప్పారు.

నేనూ కాలేజీలో లెక్చరర్నై, ఆ పాఠాన్నే రిటైరయ్యేదాకా చెప్పాను. ఇప్పుడు ఇలాంటి జబ్బులు కొన్నింటికి, గుర్తు వేసిన ఎంజైమునే సెలైన్‌లా ఎక్కిస్తున్నారు, కణం పైనున్న రిసెప్టర్లు దాన్ని లోపలికి లాక్కుంటున్నాయి, కొందరు పిల్లలు లేచి నడుస్తున్నారు. ఆ బిడ్డ జబ్బుకు మాత్రం మందు ఇంకా రాలేదు. నాయన అడిగినదానికి నా దగ్గర ఇప్పటికి సగం జవాబు ఉంది, అది విని సంతోషించడానికి ఆయన లేడు.