ఆస్తమా చీటీకి చేరిన బరువు గడి

2001లో నన్ను హోసూరులోని ఒక ఆసుపత్రిలో ఛాతీ జబ్బుల విభాగానికి స్టాఫ్ నర్సుగా వేశారు. అక్కడ క్షయ రోగులను ప్రతిసారీ తూకం వేసేవాళ్లం. వాళ్ల మందు మోతాదు బరువును బట్టి ఉంటుంది. ఆస్తమా వాళ్లకు మాత్రం పీక్ ఫ్లో ఒక్కటే చూసేవాళ్లం. అంటే చిన్న గొట్టంలోకి గట్టిగా ఊదించి, ఊపిరి ఎంత వేగంగా బయటికి వస్తుందో కొలవడం.

అత్తిముగం అనే ఊరి నుంచి వచ్చే వెంకటమ్మకు నలభై రెండేళ్లు, సొంత పొలం ఉన్న రైతు ఇంటి మనిషి. ఏడాదిలో మూడుసార్లు ఆయాసం ముదిరి వార్డులో చేరింది. చేరినప్పుడల్లా స్టెరాయిడ్ మాత్రలు పెరిగేవి. నాలుగోసారి మంచం దిగడానికే భయపడింది. ఇన్‌హేలర్ పీల్చి చూపించమన్నాను. తప్పేమీ లేదు. అనుమానం వచ్చి తూకం వేస్తే ఎనభై ఎనిమిది కిలోలు. రికార్డు గదిలో వెతికాను. మూడేళ్ల కిందట జ్వరంతో చేరినప్పటి చీటీలో అరవై తొమ్మిది అని ఉంది.

"ఆయాసమొస్తాదని చేనికి పోయేది నిలిపేసినాను సిస్టరమ్మా. ఆ మాత్ర మింగితే ఆకలి ఆగదు. ఒళ్లు చేసినావు, బాగుండావని ఊళ్లో అందరూ అంటారు," అంది.

రౌండ్సులో పెద్ద డాక్టరు మోతాదు మళ్లీ పెంచబోయారు. ఆయనకు నర్సు ఎదురు చెప్పడం అప్పట్లో లేదు. ఆ పాత చీటీ, ఇప్పటి తూకం రాసిన చీటీ రెండూ ఆయన ముందు పెట్టాను. ఇన్నాళ్లూ ఎవరూ తూకం వేయలేదా అని అడిగారు. లేదన్నాను. పొట్ట మీద, ఛాతీ మీద కొవ్వు చేరితే ఊపిరితిత్తులు పూర్తిగా విచ్చుకోవని, ఆస్తమా అదుపు కష్టమవుతుందని ఆయనే మిగతా డాక్టర్లకు వివరించారు. ఆయాసం తగ్గాక మాత్రలు కొద్దికొద్దిగా తగ్గించారు. ఇన్‌హేలర్ ఆపలేదు. తిండి, నడక నాకు అప్పగించారు.

మొదటి రోజు వరండాలో ఇరవై అడుగులకే ఆమె గోడ పట్టుకుంది.

"నా చేత కాదమ్మా."

"నిలబడి ఊపిరి తీసుకో వెంకటమ్మా. నేను ఈడనే ఉండాను," అన్నాను.

ఇంటికి వెళ్లాక నెలనెలా తూకానికి వచ్చేది. పూటకు రెండు రాగి ముద్దలు ఒకటయ్యాయి, పక్కన ఆకుకూర పెరిగింది. మూడో నెలలో బరువు మళ్లీ రెండు కిలోలు ఎక్కింది. పెళ్లి విందులని తనే ఒప్పుకుంది. పద్నాలుగు నెలలకు డెబ్బై ఆరుకు దిగింది. ఆ మధ్యలో ఒక్కసారి కూడా వార్డులో చేరలేదు.

"నిన్న పొద్దంతా చేన్లో కలుపు తీసినాను సిస్టరమ్మా," అని తూకానికి వచ్చినప్పుడు రోగుల వరుసలో అందరి ముందూ చెప్పింది. నా సర్వీసులో అంతకు మించిన మెప్పు నాకు దొరకలేదు. ఆ నెలలోనే పెద్ద డాక్టరు ఆస్తమా చీటీలో బరువుకు ఒక గడి వేయించారు.

మందు పనిచేయడం లేదని దాన్ని పెంచే ముందు, పోయినసారికీ ఇప్పటికీ రోగిలో ఏం మారిందో చూడాలి. నా తర్వాత చేరిన నర్సులకు నేను మొదట నేర్పింది ఇదే.