దయామణి టీచరు ఏరిన చీనా మాటలు

పక్కింటి పాప బడిలో ఏదో బొమ్మ అతికించాలని మైదాపిండి జిగురు కాస్తోంది. ఉడికే మైదా వాసన కిటికీలోంచి వచ్చిందంటే చాలు, నేను ఇక్కడ ఉండను. బోయిగూడలో దయామణి టీచరు వంటింట్లో పీట మీద కూర్చుని, చేతులకు జిగురు పూసుకుని, మసిగుడ్డ కోసం వెతుక్కుంటూ ఉంటాను. ఆవిడ నర్సాపురం నుంచి వచ్చి మిషన్ బడిలో చిన్నపిల్లల తరగతికి పాఠాలు చెప్పేవారు. మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఒకటే గోడ. సన్నగా, ఎప్పుడూ కాస్త గద్దించినట్టు మాట్లాడే మనిషి. ఆవిడకు చీనా భాష ఒక్క ముక్క కూడా రాదు. నాకు చీనా నేర్పింది మాత్రం ఆవిడే.

నిజాం పాలన ఆఖరి రోజులవి. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. కార్ఖానా బస్తీలో చెన్ డాక్టరు అనే చీనా పళ్ళ వైద్యుడు ఉండేవాడు. ఇక్కడే పుట్టి పెరిగినవాడు కాకపోయినా, కళ్ళు మూసుకుని వింటే మన గల్లీ మనిషే అనుకుంటారు. భార్య పోయింది. కలకత్తాలో తమ్ముడి దగ్గరున్న తల్లిని తెచ్చుకున్నాడు. ఆవిడకు చీనా తప్ప మరో మాట తెలియదు. పగలంతా ఆవిడకు తోడుగా ఉండడానికి ఒక ఆడపిల్ల కావాలంటే, టీచరు నన్ను పంపించారు.

మొదటి రోజే అంతా తలకిందులైంది. అవ్వ ఆవిరి మీద ఉడికించిన కుడుముల్లాంటివి పళ్ళెంలో పెట్టి తెచ్చింది. నేను మొహమాటపడి చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆవిడ పళ్ళెం నా గడ్డం దాకా తెచ్చి "ఛీ" అంది. నేను వెనక్కి జరిగాను. ఆవిడ ముందుకొచ్చి "ఛీ, ఛీ" అంది, ఈసారి ఇంకా గట్టిగా. పుట్టి బుద్ధెరిగాక నన్నెవరూ మొహం మీద అలా ఛీకొట్టలేదు. ఏడుస్తూ చెప్పులు వేసుకుంటుంటే డాక్టరు లోపలి నుంచి పరుగెత్తుకొచ్చాడు.

"తిట్లు గాదమ్మా. మా దాంట్ల ఛీ అంటే తిను అని. నువ్వు తినకుంటే ఆమె పరేషాన్ అయితుంది."

తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. వచ్చినప్పటి నుంచి తల్లి సరిగ్గా తినడం లేదు, కిటికీ దగ్గరే కూర్చుంటోంది. ఇక్కడ మనసు నిలవకపోతే మళ్ళీ కలకత్తా పంపించేయక తప్పదు. ఆ వయసులో ఆమెను మళ్ళీ అంత దూరం రైలెక్కించడం ఆయనకు ప్రాణం మీదికి వచ్చినట్టుంది. నాకు అవ్వ మీద జాలి వేసింది. ఎలాగైనా ఆవిడ ఇక్కడ ఉండాలి అనిపించింది, ఆ క్షణం నుంచే.

సాయంత్రం ఈ కథ చెబితే టీచరు కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకునేంతగా నవ్వారు. మర్నాడు నేను అవ్వ మాట నేర్చుకుందామని పుస్తకాల కొట్లో ఒక పెట్టె సంపాదించాను. చీనాలో పనిచేసి వచ్చిన ఒక దొరసాని స్వదేశం వెళ్తూ వదిలిపెట్టి పోయిందట. లోపల నున్నటి అట్టలు, రంగుల బొమ్మలు, చీనా అక్షరాలు, వెనక ఇంగ్లీషులో ఉచ్చారణ. దొరికింది నిధి అనుకున్నాను. డాక్టరు కూడా తన తమ్ముడి పిల్లలు చదువుకున్న అక్షరాల అట్టలు ఒక కట్ట ఇచ్చాడు. రెండూ టీచరు మంచం మీద పరిచాను.

ఆవిడ ఒక్కొక్కటే తీసి చూశారు. గొర్రెపిల్ల, కిరీటం, ఓడ, కొండ, సింహం.

"ఎస్తేరూ, రేప్పొద్దున్న ఆ ముసలావిడతో సింహం గురించి ఏం మాట్లాడతావే?"

నాకు రోషం వచ్చింది. మాటలెన్ని వస్తే అంత మంచిది కదా అన్నాను. ఆవిడ వినలేదు. సంతలో వంకాయలు ఏరినట్టు ఏరి, నీళ్ళు, దీపం, చెయ్యి, తలుపు ఉన్న అట్టలు మాత్రం ఉంచి, మిగతావి పెట్టెలో పెట్టి మూత వేశారు. డాక్టరు ఇచ్చిన కట్టనైతే ముట్టనే లేదు. అక్షరం చదవడానికి అవి, నోరు తెరవడానికి కాదు అన్నారు. ఇక మనమే చేసుకోవాలన్నారు. సబ్బు పెట్టెల అట్ట కత్తిరించి, మైదా జిగురుతో తెల్లకాగితం అంటించి, ఒకవైపు బొమ్మ, రెండోవైపు తెలుగు అక్షరాల్లో చీనా మాట. చీనాలో గొంతు పైకి పోతే ఒక అర్థం, కిందికి దిగితే ఇంకో అర్థం కనుక, మిషన్ గుడిలో పాట నేర్పేటప్పుడు వేసే గీతల్లాగే మాట నెత్తిన చిన్న గీత ఎక్కించేవారు, దించేవారు. రోజూ చేతిలో పట్టినన్ని మాత్రమే. తడుముకోకుండా నోటికొచ్చిన మాట డబ్బాలోకి పోవాలి. తడబడినది కొంగున కట్టుకుని వెళ్ళాలి.

ఒకరోజు నేను డాక్టరును అడిగి తెచ్చిన చెంచా, దువ్వెన, గొడుగు అనే మాటలు చెబుతుంటే ఆవిడ చేతిలో కత్తెర ఆపేశారు.

"అన్నీ వస్తువులే తెస్తున్నావు. మీ అమ్మ బెదిరిపోయి కూర్చుంటే చెంచా అంటావా?"

ఏమంటానో ఆలోచించి, "నేనున్నాను కదమ్మా" అంటానన్నాను. అదే అడిగి రమ్మన్నారు. చీనాలో దాన్ని "వో చాయ్" అంటారట, చాపలోని చ పెట్టి. కానీ ఉన్నాను అనే మాటకు బొమ్మ ఎలా వేస్తాం? టీచరు కాసేపు బుగ్గ గీరుకుని, ఒక చాయ్ కప్పు గీసి, దాన్ని చూపిస్తున్న వేలొకటి గీశారు. ఉర్దూలో వో చాయ్ అంటే ఆ చాయ్. ఇక అది మర్చిపోవడం నా వల్ల కాలేదు.

పోలీస్ యాక్షన్ మొదలైనప్పుడు డాక్టరు వరంగల్‌లో ఉన్నాడు. రైళ్ళు ఆగిపోయాయి. వీధిలో కొట్లన్నీ మూసేశారు. మా నాన్న నన్ను అవ్వ దగ్గరే ఉండమని బట్టలు తెచ్చి ఇచ్చి వెళ్ళాడు. ఒక ఉదయం ఇంటి మీదుగా విమానాల చప్పుడు వినిపించింది. వంటింట్లోంచి వచ్చి చూస్తే అవ్వ మూట కట్టుకుని, కాళ్ళకు జోళ్ళు తొడుక్కుని, వీధి తలుపు గడియ తీస్తోంది. ఆవిడ అంతకుముందే ఒక యుద్ధం చూసిన మనిషి. చప్పుడు వినబడితే పరుగెత్తాలి, అంతే ఆవిడకు తెలిసింది. బయటికి వెళ్తే ఆ ఊళ్ళో ఆవిడ మాట తెలిసినవాడు ఒక్కడూ లేడు.

నాకు వచ్చిన చీనా మాటలన్నీ వాడాను. తలుపు అన్నాను, నీళ్ళు అన్నాను, తిను అన్నాను. ఆవిడ నా చెయ్యి విదిలించుకుంది. అప్పుడు గడప మీద అడ్డంగా కూర్చుండిపోయి, "వో చాయ్" అన్నాను. గొంతు దించాల్సిన చోట దించాను. మళ్ళీ అన్నాను. చప్పుడు దూరమయ్యేదాకా అంటూనే ఉన్నాను. ఆవిడ నా మొహంలోకి చాలాసేపు చూసి, మూట కింద పెట్టి, నా పక్కనే గడప మీద కూర్చుంది. కాసేపటికి నా జుట్టు నిమురుతూ "కువాయ్, కువాయ్" అంది. ఆ మాట నా అట్టల్లో లేదు.

గొడవ సద్దుమణిగాక డాక్టరు ఎవరిదో లారీ పట్టుకుని వచ్చాడు. కలకత్తా పోతావా అని తల్లిని అడిగితే ఆవిడ ఈగను తోలినట్టు చెయ్యి విసిరింది. నేను కువాయ్ అంటే ఏమిటని అడిగాను. ఆయన తల గోక్కున్నాడు.

"ఎట్ల చెప్పాలె? చిన్న పోరి మాట వింటే అంటరు. మీరు బంగారు తల్లి అంటరు సూడు, అసుంటిది."

ఆ సాయంత్రమే కత్తెర, అట్ట పట్టుకుని టీచరింటికి పరుగెత్తాను. గడప సంగతంతా చెప్పి, కొత్త మాట దొరికింది, బంగారు తల్లికి ఏం బొమ్మ వేద్దాం అన్నాను. ఆవిడ నా చేతిలోంచి అట్ట తీసి పక్కన పెట్టేశారు.

"దీనికి అట్ట వద్దే. ఇది నువ్వు ఇంకొకళ్ళతో అనాల్సిన మాట కాదు, నీతో అన్న మాట. అలాంటిది వల్లె వెయ్యక్కర్లేదు."

ఆ మాటంటూ ఆవిడ నా తల మీద చెయ్యి వేశారు. గద్దించే మనిషి అంత మెత్తగా మాట్లాడడం నేను వినడం అదే మొదలు, అదే చివర.

తర్వాత నేనూ టీచరునయ్యాను. మరాఠీ పిల్లలు, లంబాడీ పిల్లలు, ఉర్దూ పిల్లలు ఏడుస్తూ తరగతికి వస్తే, వాళ్ళ అమ్మల్ని పట్టుకుని వాళ్ళ భాషలో ముందుగా "నేనున్నాను" అనే మాటే నేర్చుకునేదాన్ని. సింహాలూ కిరీటాలూ తర్వాత. నేర్చుకున్న మాటలు చాలావరకు మర్చిపోయాను కూడా, చీనావైతే మరీను. కువాయ్ మాత్రం ఒక్కసారి కూడా చదవకుండా, ఇన్నేళ్ళుగా, తల మీద ఆ ఇద్దరి చేతులతో సహా, అలాగే ఉంది.