చెరువంత పాత లొల్లి

మొన్న వాన వెలిసిన సాయంత్రం మా డిగ్రీ పిల్లలను ఖిలా వరంగల్‌కు తీసుకెళ్లాను. రోజంతా ఎండకు కాగిన రాయి మీద నాలుగు చినుకులు పడితే ఒక వాసన లేస్తుంది. తోరణం కింద నిలబడి దాన్ని కమ్మగా పీలుస్తుంటే ఒక పిల్ల అడిగింది: "మేడం, మన కల్చర్ నిజంగనే అంత పాతదా? గీ రాళ్లు తప్ప ఏం మిగిలింది?" నాకు నవ్వొచ్చింది. ఆ ప్రశ్నకు నాకు జవాబు దొరికింది చెరువు కట్ట మీద, అదీ పెద్ద తగవు మధ్యలో. చూపించింది మా రాజమల్లు సార్.

సార్ పరకాల దగ్గర మా ఊరి హైస్కూల్లో సోషల్ చెప్పేవారు. పొట్టి మనిషి, గట్టి గొంతు. జోకు పూర్తికాకముందే తానే నవ్వేసేవారు, అందుకని ఆయన జోకులు మాకు సగమే అందేవి. ఆయనంటే బడిలో ఎవరికీ భయం లేదు, నాకైతే ప్రాణం. తొమ్మిదో తరగతిలో ఒకరోజు "నాగరికత అంటే ఏంది బిడ్డా?" అని అడిగితే గడగడా అప్పజెప్పాను: కోటలు, పక్కా ఇళ్లు, వెడల్పాటి వీధులు, మురుగు కాలువలు. సార్ అంతా విని, "మరి మనూర్ల మోరీలు లెవ్వు గద, మనం మనుషులమేనా కాదా?" అన్నారు. క్లాసంతా గొల్లుమంది. "నడువుండ్లి, ఇయ్యాల పాఠం చెరువు కట్ట మీద" అని గొడుగు పట్టుకుని ముందు నడిచారు.

ఆ రోజు కట్ట మీద రైతులంతా కూడుతున్నారని నాకు తెలుసు. మా ఇంట్లో అన్నం ముందు కూర్చున్నా అదే మాట. వానలు సరిగ్గా పడక చెరువు సగం కూడా నిండలేదు. మా పొలం ఆయకట్టుకు చిట్టచివర, అక్కడిదాకా నీళ్లు రావు. యాసంగి పంట లేకపోతే అమ్మా బాపూ పని వెతుక్కుంటూ ఊరు విడవాలి, వాళ్ల వెంట నేనూ పోవాలి. అంటే నా బడి అంతటితో సరి.

అలాంటి ఏడు మా వైపు తైబందీ చేస్తారు. ఉన్న నీళ్లు ఎంత పొలానికి సరిపోతాయో చూసి, తూము దగ్గరి భూమి అంతవరకే సాగు చేస్తారు. ఆ భూమి ఎవరిదైనా సరే, ఆ ఒక్క పంటకు ఆయకట్టు రైతులందరికీ అందులో భాగం ఉంటుంది. వినడానికి బాగానే ఉంటుంది గానీ, ఇవ్వాల్సినవాడికి కడుపు మండదా? మా తూము పక్క మళ్లు సమ్మయ్య మామవి, అమ్మకు అన్న వరస.

మామ తువ్వాల దులిపి లేచాడు. "నా భూమి నేనెందుకియ్యాలె? మొగులు కురవకుంటే నా తప్పా?"

"చెరువు మీ అయ్య తవ్విండా?" వెనక నుంచి ఎల్లమ్మత్త అందుకుంది.

"మా అయ్య పేరు తియ్యకు, చెప్తాన!"

అరుపులకు కొంగలు లేచిపోయాయి. బాపు మాత్రం తల వంచుకుని గడ్డిపోచలు తుంచుతున్నాడు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "సార్, కొట్టుకునేటట్టున్నరు, ఇగ ఇయ్యరు" అన్నాను.

"జర సూడు బిడ్డా. గంత ఒర్రుతాండ్లు గని, ఒక్కడన్న లేచి ఇంటికి పోయిండా?"

నిజమే, ఒక్కరూ కదల్లేదు. పొద్దు వాలేసరికి మామ గొంతు బొంగురుపోయింది. చివరికి గొణుక్కుంటూ తనే మడిలోకి దిగి, కొలిచే తాడు కొస బాపు చేతికిచ్చాడు. "పట్టు బావా, సరిగ్గ గుంజు. జానెడు తక్కువొస్తె మా చెల్లె నా మీదికొస్తది." అందరూ పకపకా నవ్వారు. బాపు కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. నేనైతే కట్ట మీద గంతులే వేశాను.

తిరిగొస్తుంటే సార్ అన్నారు: "గీ చెరువు ఎవలు తవ్విచ్చిన్లో నాకు పక్కా తెల్వది. గని గీ లొల్లి చెరువంత పాతది. కరువొచ్చినప్పుడల్లా కొత్తగ పెట్టుకుంటాండ్లు, గందుకే ఇంకా బతికున్నది."

అప్పటిదాకా నేను నాగరికులంటే నవ్వుతూ ఇచ్చేవాళ్లనుకునేదాన్ని. నవ్వుతూ ఇచ్చేవాళ్లు ఎక్కడైనా ఉంటారు, అది వాళ్ల మంచితనం. ఇష్టం లేనివాడు కూడా తిట్టుకుంటూనైనా ఇచ్చే కట్టుబాటు ఉంటే, అది ఊరి గొప్పతనం. మొన్న ఆ పిల్లకూ ఇదే చెప్పాను. రాళ్లను తక్కువ చేయలేదు, వాటి వంతు మర్యాద వాటికీ ఇచ్చాను.

ఆ యాసంగి మేము ఊరు విడవలేదు. బాపు భాగం బ్రహ్మాండంగా పండింది. సమ్మయ్య మామ గట్టు మీద నిలబడి, "నా మడి నాకన్న నీకే మంచిగ పండిందేంది బావా!" అని మళ్లీ మొదలుపెట్టాడు. సార్ అది విని కడుపు పట్టుకుని నవ్వారు.

సార్ పోయి చాలా ఏళ్లయింది. లొల్లిలో ఎవరు లేచిపోతున్నారో చూసే అలవాటు మాత్రం ఆయన ఇచ్చిందే, అది నన్ను వదల్లేదు. సుబేదారిలో మా అపార్ట్‌మెంట్ వాళ్లు బోరు నీళ్ల గురించి మీటింగ్ పెట్టినప్పుడల్లా గొంతులు లేస్తాయి, కొందరు చెప్పులు వెతుక్కుంటారు. నేను గబగబా పోయి అందరికీ చాయ్ పెట్టుకొస్తాను. వేడి గ్లాసు చేతిలో ఉన్నవాడు లేచి వెళ్లలేడు.