వాగులో సాచిన పడుగు

అడవిలో ఎక్కడ దిగాలన్నది మనిషిని బట్టి ఉంటుంది. గొర్రెల కాపరి గాలి ఎటు వీస్తుందో చూసుకుంటాడు. కట్టెలు కొట్టేవాడు నీళ్లు ఎంత దూరమో చూసుకుంటాడు. మా బావ మాత్రం పొడుగు చూసుకున్నాడు.

బాలాఘాట్ కొండల్లో ఆ పొద్దు మేం ముగ్గురం, మా అక్క, బావ, నేను, మూటలు దించి నిలబడి ఉన్నాం. మా ఊరు షోలాపూర్ నుంచి ఒక పెద్ద రైలు, ఒక చిన్న రైలు, ఆ తర్వాత ఒక ఎడ్లబండి, ఆ తర్వాత మా కాళ్లు. అడవి కాపలాదారు, అక్కడి మాటలో నాకేదారు, మమ్మల్ని పైనుంచి కిందికి చూసి తన షరతులు చదివాడు. ఇక్కడ సత్రం లేదు, బావి లేదు, కొట్టం లేదు. ఎవరి చోటు వాళ్లే చూసుకోవాలి. ఒక పొయ్యి పొగ ఇంకో పొయ్యి దగ్గరున్న వాళ్ల కళ్లల్లోకి పోకూడదు, అంత ఎడం ఉండాలి. పచ్చి కొమ్మ మీద కత్తి పెట్టకూడదు. పోయేటప్పుడు బూడిద మీద నీళ్లు పోసి, అరచేయి ఆనించి చూసి పోవాలి.

"అంత ఎడం ఎందుకు సాబ్?" అన్నాను. "మా దాజీ పేట్‌ల పక్కింటాయన తుమ్మితె మా ఇంట్ల చిరంజీవ అంటం."

"ఇక్కడ నువ్వు తుమ్మితే ఎలుగుబంటి అంటది," అని ఆయన వెళ్లిపోయాడు. మాటల్లో నాకు సమానమైన మనిషి దొరికాడు గానీ మళ్లీ కనబడలేదు.

బావ అటు నడిచి, ఇటు నడిచి, ఒకచోట ఆగి కళ్లు చిన్నవి చేసుకున్నాడు. ఎండిపోయిన వాగు. ఈ చివర ఒక నేరేడు చెట్టు, ఆ చివర ఇంకో నేరేడు చెట్టు, మధ్యలో చదునైన ఇసుక, తాడు పట్టి గీసినట్టు తిన్నగా. డెబ్బై మూరలకు పైనే ఉంటుంది.

"గిదే," అన్నాడు.

నాకు అక్కడే అర్థం కావలసింది. అర్థం కాలేదు. మూడో తరగతితో బడి మానేసినవాణ్ణి.

మేం అక్కడికి ఎందుకు పోయామో చెప్పాలి. మా బావ మగ్గం మీద తొమ్మిది గజాల చీరలు నేసేవాడు. గుంతలో కాళ్లు పెట్టి కూర్చుని నేసే మగ్గం. ఎండాకాలం గాలి తగిలితే దారం పొడిబారి పుటుక్కున తెగుతుంది కాబట్టి తలుపు, కిటికీ మూసి, నేల తడిపి నేస్తారు. దారానికి చెమ్మ కావాలి, మనిషికి గాలి కావాలి. మా ఇళ్లలో ఎప్పుడూ దారం మాటే చెల్లేది. ఇరవై ఏళ్లు అలా కూర్చున్నాక బావకు దగ్గు పట్టుకుంది. మామూలు దగ్గు కాదు, మొదలైతే పేక దారం విసిరే నాడె చేతిలోంచి జారిపడేది. ఒకసారి తుండుగుడ్డ మీద ఎర్రగా పడింది. అక్క ఆ గుడ్డను ఎవరికీ చూపకుండా ఉతికి ఆరేసింది.

జోడ్‌భావి పేట్ డాక్టరు చాతీకి గొట్టం ఆనించి చాలాసేపు విన్నాడు. "నెల రోజులు చెట్ల మధ్య ఉండి రా. అక్కడ తగ్గితే నీ జబ్బు గదిలో ఉన్నట్టు. అక్కడా తగ్గకపోతే నీలో ఉన్నట్టు. నీలో ఉంటే నేను చేసేదేమీ లేదు," అన్నాడు.

ముగ్గురం ఒకే మాట విన్నాం, తలా ఒక ముక్క పట్టుకొని ఇంటికొచ్చాం. నెల తర్వాత మళ్లీ మగ్గమెక్కొచ్చని బావ విన్నాడు. గది అన్న మాట అక్క విన్నది. నేను రైలు అని విన్నాను.

వాగు ఒడ్డున కానుగ చెట్ల కొమ్మలకు రెండు చద్దర్లు కట్టాం. అదే ఇల్లు. కింద ఇసుకలో మూడు రాళ్లు పెట్టాం, అదే వంటిల్లు. మోదుగాకులు కుట్టుకుంటే అవే కంచాలు, కడిగే పని లేదు. నీళ్లకు పైన మడుగు దాకా పోవాలి, ఆ పని అక్క నాకు అప్పగించి, నేను తెచ్చిన నీళ్లు చూసి తిరిగి తనే తీసుకుంది.

మొదటి వారం బావకు కునుకు పడలేదు. దగ్గు వల్ల కాదు. మగ్గం చప్పుడు లేక. మా పేటలో పుట్టినవాడికి ఆ చప్పుడు లేకుండా మధ్యాహ్నం కన్ను మూతపడదు. నేను రెండు కట్టెలు తీసుకొని టక్కు టక్కుమని కొడుతూ కూర్చునేవాణ్ణి. కాసేపటికి బావ కళ్లు మూసుకునే అనేవాడు: "పోటు సరిగ్గ వడ్తలేదురా బామ్మర్ది. గా లెక్కన నేస్తె చీర జల్లెడైతది."

అక్క రోజూ పొద్దున ఒక దారం ముక్క తీసి పెట్టుకునేది. బావ దగ్గినప్పుడల్లా దానికొక ముడి. పొద్దుగూకాక ఆ దారాన్ని కానుగ కొమ్మకు కట్టేది. ఏదో మొక్కు అనుకున్నాను. ఒకరోజు దగ్గరికి పోయి చూస్తే మొదటి దారం మీద పద్నాలుగు ముళ్లు. తర్వాతది పదమూడు. వారం దాటాక తొమ్మిది. ఏమీ అనకుండా వచ్చేశాను. నేను ఏమీ అనకపోవడం చూసి అక్క నాకు జ్వరం వచ్చిందేమోనని నుదురు పట్టి చూసింది.

అక్క బావతో నేరుగా మాట్లాడేది కాదు. మాలో చాలా ఇళ్లల్లో అంతే. ఇద్దరి మధ్య నేను తంతి ఆఫీసు.

ఇరవయ్యో రోజు పొద్దున, ముళ్లు మూడుకు దిగాక, అక్క మడుగుకు పోయింది. తిరిగి వచ్చేసరికి వాగు నిండా తెల్లటి పడుగు, చీరల నిలువు దారాలన్నీ, సాచి ఉంది. ఈ నేరేడు నుంచి ఆ నేరేడు దాకా. నాలుగు చీరల పడుగు. బావ బొంతలో చుట్టి తెచ్చాడు. రైలు నుంచి ఆ బొంతను మోసింది నేనే. "రాళ్లున్నయా బావా ఇండ్ల?" అని దారంతా అడుగుతూనే మోశాను. గంజి పట్టించే కుంచె కూడా తెచ్చాడు. పొయ్యి మీద జొన్నపిండి గంజి ఉడుకుతోంది.

అక్క నెత్తిన బిందెతో అట్లాగే నిలబడింది.

"తమ్మీ, మీ బావను అడుగు. మగ్గం గుంత గూడ బొంతల చుట్టి తెచ్చిండా?"

"గుంత బొంతల పట్టలేదని చెప్పు," అన్నాడు బావ. "చేతులు ఊకె ఉంటె పని మర్చిపోతయని గూడ చెప్పు."

"చేతులు కాదు, చాతీ కోసం వచ్చినమని చెప్పు."

"నన్నెవరన్న అడుగుండ్రి," అన్నాను. "నాకు గూడ ఒక మాట ఉన్నది. గంజి మాడుతుంది."

అక్క బిందె దించి పొయ్యి దగ్గరికి పోయింది. గంజి ఉండలు కట్టింది. ఆమె కూడా నేతగాని బిడ్డే. ఉండలు కట్టిన గంజిని చూస్తూ ఊరుకోవడం ఆమె వల్ల కాలేదు. ఉండలు చిదిమి, వడగట్టి, కుంచె నా చేతిలోంచి గుంజుకొని పడుగుకు ఆ పక్కన నిలబడింది. ఈ పక్కన బావ. ఇద్దరూ ఎదురెదురుగా దారాలకు గంజి పట్టిస్తూ ఆ చివరి దాకా నడిచారు.

ఆ కొండల మీద మేకలు మేపే ధన్‌గర్ ముసలమ్మ ఒకతె అటుగా వచ్చి ఆగింది. దారానికి గంజి తాగించే మనుషుల్ని ఆమె ఎప్పుడూ చూడలేదట. బావ మరాఠీలో, ఇది కూడా మా పిల్లే ఆజీ, దీనికీ ఆకలవుతుంది అన్నాడు. ఆమె నవ్వలేదు. కర్రతో ఇసుకను పొడిచి, "హి పాణ్యాచీ వాట్ ఆహే, బాబా," అంది. ఇది నీళ్ల తోవ అని.

మేం ఇసుక చూశాం. చెప్పులు కాలేంత వేడిగా, పొడిగా ఉంది. ఆకాశం చూశాం. నీలంగా ఉంది. దూరంగా పై కొండ మీద మాత్రం ఒక నల్లటి మబ్బు కూర్చుని ఉంది, మాతో తనకేం పని లేనట్టు.

"నీళ్లొస్తె మంచిదే ఆజీ, అక్కకు బిందె మోసే పని తప్పుతది," అన్నాను. ముసలమ్మ నా ముఖం వైపు ఒకసారి, మేకల వైపు ఒకసారి చూసి, తెలివైనవాటిని తోలుకొని గట్టెక్కింది.

మధ్యాహ్నం దాటాక పడుగు ఆరుతోంది. బావ దిగువ చివర నేరేడు కింద తెగిన పోగులు అతుకుతున్నాడు. అప్పుడు వినబడింది. నాలుగు వీధుల అవతల మగ్గాలన్నీ ఒక్కసారే మొదలైతే వచ్చే చప్పుడు. టకటకలు కాదు, వాటి కింద ఉండే హోరు.

బావ తల ఎత్తాడు. ముఖం వెలిగిపోయింది. ఇరవై రోజులుగా ఆ ముఖం మీద అంత సంతోషం చూడలేదు.

"ఇనవడుతుందార? మగ్గాలు!"

"అడవిల మగ్గాలేంది బావా, కోతులు నేస్తున్నయా?"

నా మాట పూర్తి కాలేదు. వాగు మలుపు దగ్గర ఒక గోధుమరంగు నీటి పెదవి తిరిగింది. ఎండుటాకులు, కొమ్మలు, నురగ ముందేసుకొని, మోకాలెత్తున, తొందరేమీ లేనట్టే వస్తోంది. తొందర లేదనుకున్నది నా కళ్లు. కాళ్లకు నిజం తెలిసింది.

నేను గట్టెక్కాను. అక్క చద్దర్లు లాగింది. బావ గట్టు వైపు రాలేదు. పడుగు పొడుగునా పరుగెత్తాడు, నీళ్లకు ఎదురుగా, పై చివర ముడి విప్పడానికి. ముడి విప్పితే పడుగు చుట్టేసి గట్టు మీదికి విసరొచ్చని ఆయన లెక్క. గంజి పట్టి బిగిసిన ముడి. గోళ్లతో పీకుతున్నాడు.

"ఇడిచిపెట్టు!"

అక్క గొంతు. నన్ను చూసి కాదు. తమ్మీ లేదు, మీ బావ లేదు.

"నీకే చెప్తున్న! పడుగు మళ్ల పోసుకుందువు, ఇడిచి పైకి రా!"

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె ఆయన్ని నేరుగా పిలవడం నేను విన్నది అదే మొదలు. బావ కూడా అదే మొదలు విన్నట్టున్నాడు. చేతులు ముడి మీద ఉండగానే తల తిప్పి చూశాడు. నీళ్లు పిక్కల్ని కొట్టాయి. వదిలేశాడు. వేళ్లు, మోకాళ్లు, గడ్డం, అన్నీ వాడి గట్టెక్కాడు.

పడుగు కాసేపు నీళ్ల మీద తేలింది. ఆ తర్వాత కింది చివర తెగిపోయి, పై చెట్టుకు వేలాడుతూ పొడుగాటి తెల్ల తోకలా అటూ ఇటూ కొట్టుకుంది. పొయ్యి రాళ్లు, గంజి కుండ, నా చెప్పు ఒకటి, అన్నీ చాలా క్రమశిక్షణతో వరుసగా పోయాయి. మా మీద ఒక్క చినుకు పడలేదు.

ముగ్గురం గట్టు మీద కూర్చున్నాం. బావ చాతీ కొలిమి తిత్తిలా ఎగిరిపడుతోంది. అక్క పడుగు చూడటం లేదు, ఆయన్నే చూస్తోంది. చేతిలో ఆ రోజు దారం ముక్క ఉంది. ముడి వెయ్యడానికి వేళ్లు సిద్ధంగా పెట్టుకొని కూర్చుంది. ఎంతసేపు కూర్చున్నా ముడి పడే అవసరం రాలేదు. ఊపిరి వస్తోంది, పోతోంది. అంతే.

"దగ్గు ఏది?" అంది.

బావ ఆమె చేతిలోని దారం చూశాడు. కొమ్మకు వేలాడుతున్న మిగతా దారాలూ చూశాడు. అప్పుడు గుర్తొచ్చినట్టు ఒకసారి దగ్గాడు.

అది దొంగ దగ్గు. నాకు తెలుస్తుంది. నేను బడి మానేసింది ఆ విద్యతోనే. మూడో తరగతిలో నేను దగ్గిన దగ్గుకు పంతులు భయపడి, ఇంటికి పొమ్మని తనే తలుపు తీశాడు.

"బావా," అన్నాను, "గొంతుల నుంచి వస్తుంది. కడుపుల నుంచి రావాలె. చూపియ్యాల్నా?"

అక్క నవ్వింది. బావ నవ్వలేదు. డాక్టరు చెప్పిన గది అన్న ముక్క ఇప్పుడు ఆయనకూ వినబడిందని నాకు అనిపించింది. దగ్గు తగ్గకపోతే బతుకు పోతుంది. తగ్గింది కాబట్టి మగ్గం పోతుంది.

వాగు ఎంత చప్పుడు చేస్తూ వచ్చిందో అంత చప్పుడు లేకుండా పొద్దుగూకే లోపు ఇంకిపోయింది. బావ బురద పట్టిన పడుగును మూర మూర చుట్టి, ఆకులు ఏరి, మళ్లీ అదే బొంతలో పెట్టాడు. తిరిగి బయల్దేరే రోజు అక్క కొత్త పొయ్యి బూడిద మీద నీళ్లు పోసి అరచేయి ఆనించింది.

ఇంటికొచ్చాక బావ నేరుగా గుంతలో దిగాడు. అక్క మళ్లీ దారం ముక్క తీసింది. మొదటి రోజు ముళ్లు లేవు. మూడో రోజు రెండు. వారానికి ఎనిమిది. ఎనిమిది ముళ్ల దారాన్ని తీసుకుపోయి మగ్గం మీది తాడుకు, సరిగ్గా ఆయన కళ్ల ముందు, కట్టింది. బావ దాని కింద ఒక పూట నేశాడు. మధ్యాహ్నం అన్నానికి లేచినవాడు మళ్లీ దిగలేదు.

దాజీ పేట్ వీధుల్లో పొద్దున్నే పడుగులు సాచి గంజి పెట్టేవాళ్లుంటారు. ఆరుబయటి పని, నడిచే పని. నేతగాళ్లు దాన్ని కొంచెం తక్కువగా చూస్తారు. మర్నాడు బావ కుంచె పట్టుకొని వీధిలోకి పోయాడు. మగ్గం ఖాళీగా ఉండకూడదు కదా, ఇంట్లో దగ్గకుండా నేసే మనిషి నేనొక్కణ్ణే మిగిలాను. అప్పటిదాకా దారం కండెలు చుట్టి, చీరలు మోసి, ముచ్చట్లు చెప్పి బతికినవాణ్ణి గుంతలో కూర్చోబెట్టారు. నేనూ ఒక షరతు పెట్టాను, కిటికీ తెరిచే నేస్తానని. దారం తెగుతుంది. అతుక్కుంటాను.

ఆ కిటికీలోంచి బావ కనబడేవాడు. పడుగు సాచే ముందు వీధి చివర నిలబడి, తల కొంచెం వంచి, చెవి పెట్టి వినేవాడు. రోజూ. నాలుగు వీధుల మగ్గాల హోరు.

"ఏం బావా, నీళ్లొస్తున్నయా?" అని అరిచేవాణ్ణి.

"అందరి మగ్గాలు ఇనవడుతున్నయి," అనేవాడు తల తిప్పకుండానే. "నీదే ఇనవడ్తలేదు. నెయ్యి."